రేకుల మీది ప్రేక్షకుడు

ఎనిమిది వారాలే వచ్చిందది, బుధవారం రాత్రుళ్లు.
ఓ సర్కారీ ఆఫీసు. ఆరు బల్లలు, కిర్రుమనే ఫ్యాను,
టీ తెచ్చి బాకీ అడిగే కుర్రాడు.
పేరు కూడా "బి సెక్షన్" అనే పెట్టారు,
అంతకన్నా ఏం పెడతారు!

గుంటూరు మిర్చి యార్డులో
పిచ్చయ్యగారి కమీషను కొట్టుకి టీవీ వచ్చిన ఏడు.
కాటాలయ్యాక టిక్కీల దొంతర్లెక్కి కూర్చునేవాళ్లు హమాలీలు,
తొడిమెలు తీసే తులసమ్మ గుమ్మంలో,
లెక్కలు రాసే దావీదు ఒక్కడికే కుర్చీ.
నాకు పన్నెండేళ్లు, అందరికన్నా బరువు తక్కువ.
అంచేత రేకుల మీదికి నన్ను ఎక్కించారు.

"తిప్పరా... ఇంకా... అబ్బ, పోయింది!
వెనక్కి... వెనక్కి... ఆఁ!
కదిలావంటే కాళ్లు విరగ్గొడతా!"
అక్కడే బిగుసుకుపోయేవాణ్ణి
ఒక చేత్తో యాంటెన్నా పైపు,
ఇంకో చేత్తో ముక్కు పట్టుకుని.
తుమ్మితే బొమ్మ పోయేది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇదీ:
హెడ్డు గుమాస్తా వైకుంఠం, వయసు ముప్పయ్యెనిమిది.
పుట్టిన ఏడాదిలో టైపిస్టు ఒక అంకె తప్పు కొట్టింది.
పైనుంచి ఆర్డరు దిగింది: నెలాఖరుకి మీరు రిటైరు.
"నాకింకా పెళ్లే కాలేదు సార్!"
"అది మన సెక్షన్ చూడదు."
శాలువా కప్పారు, గోడగడియారం ఇచ్చారు.
"వైకుంఠం గారికి తుది వీడ్కోలు" అని బ్యానరు కట్టారు.
వీధిలోవాళ్లు కండువాలతో వచ్చి
ఎత్తేది ఎన్నింటికని మెల్లగా అడిగారు.

మర్నాడు అర్జీ పట్టుకొచ్చాడు, తప్పు దిద్దమని.
"దిద్దుతాం. ఆ దిద్దుబాట్లు చూసే గుమాస్తా రావాలి."
"ఎవరండీ ఆయన?"
"మీరే. నిన్న రిటైరయ్యారుగా."

కింద నవ్వు పేలింది.
నా అరికాళ్ల కింద రేకులు అదిరాయి.
హమాలీ మేస్త్రీ నాగుల్ మీరా నవ్వు దగ్గుతో మొదలై
"యా అల్లా, సచ్చాన్రా" దగ్గర ఆగేది.
ఆ రోజు ఆగలేదు.
టిక్కీ మీంచి ఎవరో దొర్లిన చప్పుడు.
"ఏమైంది? ఏమైందీ?" అని పైనుంచి అరిచాను.
ఎవరు చెబుతారు.
వంగి చూద్దామంటే వైకుంఠం చెరిగిపోతాడు.

అంతలో కరెంటు పోయింది.

అవును, నేను చూళ్లేదు. ఒక్క ముక్క చూళ్లేదు.
పై కథంతా మర్నాడు పొద్దున టీ దగ్గర విన్నదే.
చివరిది మాత్రం వాళ్లూ చూళ్లేదు గదా,
ఎవరికి వాళ్లు కట్టుకున్నారు.
పెన్షనొచ్చే పెళ్లికొడుకని పిల్లనివ్వటానికి ఎగబడతారంది తులసమ్మ.
కేసు కోర్టుకెళ్తుందన్నాడు దావీదు, నవ్వకుండా.
నాగుల్ మీరా బస్తా దించి, చెమట తుడుచుకుని,
"రాత్రిపూట గోడ దూకొచ్చి తన కుర్చీలో కూకుంటాడు.
తన అర్జీ తనే సదువుతాడు.
'ఆధారాలు చాలవు' అని రాసి
తనే కొట్టేస్తాడు," అన్నాడు.
వేలిముద్ర వేసి కూలి పుచ్చుకునే మనిషి.

మొన్న దొరికింది ఆ ఎపిసోడు, ఫోన్లో.
చూశాను. చివర్లో పెద్దాఫీసరు వచ్చి
సారీ చెప్పి కుర్చీ తిరిగిచ్చేస్తాడు.
అంతే.
ఉప్పు మరిచిన గోంగూర.
ఎవరో డబ్బాలో నిలవేసిన నవ్వులు మధ్యమధ్య.
మళ్లీ ఆ అర్జీ సీను పెట్టాను,
సరిగ్గా "మీరే" అనేచోట గిర్రున తిరుగుతూ ఆగింది.

కొరిటెపాడులో మా డాబా ఎక్కాను.
ఫోను నెత్తి మీదికెత్తి పట్టుకున్నాను,
బొమ్మ వైపు చూడకుండా,
అలవాటు కొద్దీ.
"ఏంది బాబాయ్, సిగ్నల్ లేదా?"
పక్క మేడ కుర్రాడు.
జవాబు చెప్పేలోపు
యార్డు వైపు నుంచి గాలి తిరిగింది.

ముక్కు పట్టుకున్నాను.